“జిరాక్స్‌కి ఎవరైనా వస్తేనే పోతుందన్నా”: ఒక రీస్టార్ట్ కేసు

పోయిన మాఘమాసంలో తెనాలి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. పెళ్లికార్డులు వేసే డీటీపీ సెంటర్ అది. ఓనర్ నాకు బాగా తెలిసినాయన, బాబాయ్ అనే పిలుస్తాను. “అబ్బాయ్, సిస్టమ్ దానంతటదే టప్పున పోయి మళ్లీ ఆన్ అవుతోంది. నిన్న ఒకే కార్డు మూడుసార్లు కొట్టింది మా అమ్మాయి. ముహూర్తాల రోజులు, నన్ను చంపకుండా రా” అన్నారు.

అప్పటికే ఒకతను రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడట. మొదటిసారి విండోస్ ఫార్మాట్ చేశాడు. రెండోసారి “ర్యామ్ చాలట్లేదు” అని ఇంకో 8 జీబీ స్టిక్ వేశాడు. ఫార్మాట్‌తో అను ఫాంట్లు మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది, పాత కార్డుల ఫోల్డర్ ఒకటి కనబడకుండా పోయింది. రోగం మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి కేసు మామూలుగా నాకు రెండు గంటల పని. దీనికి పన్నెండు రోజులు పట్టింది. అందులో సగం నా పొరపాటే, అందుకే పూర్తిగా రాస్తున్నాను.

మిషన్ సంగతి: 2017లో అసెంబుల్ చేయించింది. ఏడో తరం ఐ5-7400 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, మొదట్నుంచీ ఉన్న 8 జీబీ డీడీఆర్4 స్టిక్, దానిపక్కన కొత్తది, ఒక ఎస్‌ఎస్‌డీ, 450 వాట్లని స్టిక్కరున్న ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 10. కోరల్‌డ్రా, ఫొటోషాప్, పేజ్‌మేకర్ తప్ప వేరే పనేమీ లేదు. కింద టేబుల్ కాలి దగ్గర 600 వీఏ యూపీఎస్, దుమ్ము పట్టి బూడిదరంగుకి తిరిగింది.

సోమవారం: నేను విన్నవి, వినకుండా వదిలేసినవి

ఎక్కడికెళ్లినా నా మొదటి ప్రశ్న ఒకటే: పోయేటప్పుడు తెరమీద ఏం కనిపిస్తుంది? నీలం తెర రెప్పపాటులో వచ్చి పోతోందా, “రీస్టార్టింగ్” అని రాసి మర్యాదగా మూసుకుంటోందా, ఏమీ లేకుండా చటుక్కున నల్లబడుతోందా? మర్యాదగా మూసుకుంటుంటే అప్‌డేట్ల పనో, ఏదో ప్రోగ్రామ్ పనో. నీలం తెర వస్తే విండోస్‌కి చచ్చేముందు ఒక మాట చెప్పే టైము దొరికినట్టు. చటుక్కున నల్లబడితే దానికి ఆ టైము కూడా దొరకలేదన్నమాట. కరెంటు, వేడి, బోర్డు, రీసెట్ బటన్ లాంటివాటిని అప్పుడు అనుమానించాలి.

“టప్పున నల్లబడుతుంది. మానిటర్ మీద నో సిగ్నల్ అని వస్తుంది. కాసేపటికి మళ్లీ విండోస్ వస్తుంది” అంది అక్కడ కూర్చుని డిజైన్లు చేసే అమ్మాయి.

“కరెంటు పోవట్లేదుగా?”

“లేదబ్బాయ్” బాబాయే అందుకున్నారు. “ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, మానిటర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. కరెంటు ఎట్లా పోతుంది?”

నేనూ తలూపాను.

తర్వాత ఆ అమ్మాయి నవ్వుతూ ఇంకో మాట కూడా అంది: “జిరాక్స్‌కి ఎవరైనా వస్తేనే పోతుందన్నా. దిష్టి తగిలినట్టు.” నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

విండోస్ తనకి జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్, అందులో కెర్నల్-పవర్ 41. ఈ 41ని చూడగానే “అదిగో, పవర్ ప్రాబ్లమ్” అనేవాళ్లు చాలామంది. 41కి అర్థం అది కాదు, “క్రితంసారి సరిగ్గా మూసుకోకుండానే ఇప్పుడు లేచాను” అని మాత్రమే. పైగా అది పడేది మళ్లీ ఆన్ అయ్యాక. పోయిన అసలు టైము కావాలంటే దాని చుట్టుపక్కలే ఉండే 6008 నంబరు ఈవెంట్ చదవాలి. 41లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిస్తే బగ్‌చెక్ కోడ్ అని ఒక లైను ఉంటుంది, అసలు సరుకు అక్కడుంది. అక్కడ సున్నా ఉంటే నీలం తెర రికార్డు కాలేదు, యంత్రం ఉన్నపళాన ఆగిపోయింది అని చదువుకోవచ్చు. వేరే అంకె ఉంటే అది నీలం తెర నంబరు.

పైన ఉన్న నాలుగు తెరిచాను. నాలుగింటిలోనూ సున్నా. కింద ఇంకా పదిహేను ఉన్నాయి, తెరవలేదు. “సున్నాలే” అని తేల్చేసుకున్నాను. ఆ రోజు చేసిన రెండో తప్పు ఇది.

కేబినెట్ విప్పాను. దుమ్ము ఊదాను, కూలర్ నాలుగు పిన్నులూ బోర్డులో దిగే ఉన్నాయి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూమానిటర్ ప్రోగ్రామ్ పెట్టి ఫొటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిపించి అరగంట నడిపిస్తే ప్రాసెసర్ వేడి 66 డిగ్రీలు దాటలేదు. వేడి కాదు. కేబినెట్ ముందున్న రీసెట్ బటన్ ఇరుక్కుంటే కూడా ఇలాగే అవుతుంది కాబట్టి దాని వైరు బోర్డు మీంచి పీకేశాను. పీకుతుంటే పక్కనే పవర్ బటన్ వైరు కూడా ఊడి వేలాడుతూ కనిపించింది.

“ఇదేంటి బాబాయ్, ఇది లేకుండా ఎలా ఆన్ చేస్తున్నారు?”

“ఆ బటన్ చెడిపోయి ఏడాదైంది. యూపీఎస్ నొక్కితే సీపీయూ దానంతటదే లేచేట్టు ఎవరో చేసిపెట్టారు.”

మంచి కిటుకే అనుకుని ముందుకెళ్లిపోయాను. మూడో తప్పు. ఈ కేసు మొత్తం ఆ ఒక్క జవాబులో ఉంది.

ఎస్‌ఎంపీఎస్ పసుపు వైరు, నల్ల వైరు మధ్య మీటర్ పెడితే 11.93 వోల్టులు. 12 వోల్టుల లైనుకి ఐదు శాతం అటూ ఇటూ, అంటే 11.40 నుంచి 12.60 దాకా ఫర్వాలేదు. కానీ ఎస్‌ఎంపీఎస్ జాలీలోంచి టార్చి వేసి చూస్తే లోపల ఒక కెపాసిటర్ నెత్తి కాస్త ఉబ్బి కనిపించింది. ఉబ్బిన కెపాసిటర్ కనిపిస్తే మా రిపేరువాళ్లకి ఇంకేమీ కనిపించదు. (జాలీలోంచి చూడండి, డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలవ ఉండొచ్చు.) నా బ్యాగులో ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ బిగించి, “రెండ్రోజులు చూడండి, ఆగితే ఇదే ఉంచేద్దాం” అని వచ్చేశాను.

ఆగింది

మంగళవారం ఒక్కసారీ పోలేదు. బుధవారం పోలేదు. బాబాయ్ ఫోన్ చేసి మెచ్చుకున్నారు కూడా. గురువారం మధ్యాహ్నం ఎస్‌ఎంపీఎస్ డబ్బులు ఫోన్‌పే చేశారు.

శుక్రవారం పదకొండింటికి మళ్లీ ఫోను. పొద్దుట్నుంచి మూడుసార్లు పోయిందట.

పార్టు మార్చగానే రోగం ఆగిందంటే పార్టుదే తప్పని అనుకోవడం చాలా సులువు. ఆ మూడు రోజుల్లో ఇంకేం మారిందని నేను అడగనేలేదు. ఈసారి అడిగాను.

“ఏమీ లేదన్నా. డ్రమ్ పోయి జిరాక్స్ మిషన్ సర్వీసుకెళ్లింది. నిన్న సాయంత్రమే వచ్చింది” అంది ఆ అమ్మాయి.

కాసేపు నాకు నోట మాట రాలేదు. సోమవారం నేను వచ్చేసిన గంటకే ఆటోలో వెళ్లిపోయిందట అది.

శనివారం

ఫోన్‌లోనే ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను: పోయిన ప్రతిసారీ టైము, ఆ క్షణంలో షాపులో ఏం జరుగుతోందో రాసిపెట్టమని. శనివారం వెళ్లేసరికి ఒక పాడైన శుభలేఖ వెనకాల వరసగా రాసి ఉంది. 10.20, ఆధార్ జిరాక్స్. 11.05, పాస్‌బుక్. 12.40, ఎవరూ రాలేదు, జిరాక్స్ తలుపు తీసి వేశాం. 3.15, ఆధార్. మధ్యలో ఇంకో లైను: “వరసగా 40 కాపీలు తీశాం, ఏం కాలేదు.”

ఆ చివరి లైనే నాకు దారి చూపించింది. జిరాక్స్ నడుస్తుంటే ఏమీ కావట్లేదు, నిద్రలోంచి లేస్తేనే అవుతోంది. మిషన్ లోపల ఫ్యూజర్ అని ఉంటుంది, కాగితం మీది టోనర్‌ని వేడితో కరిగించి అతికించేది. చాలా మిషన్లలో దాన్ని వేడెక్కించేది హాలోజెన్ ల్యాంపే. చల్లగా ఉన్నప్పుడు ల్యాంపు ఫిలమెంట్ రెసిస్టెన్స్ బాగా తక్కువ, కాబట్టి మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. వేడెక్కాక సర్దుకుంటుంది. ఆధార్ కాపీకి వచ్చినవాళ్లు గంటకొకరు చొప్పున వస్తారు, మధ్యలో మిషన్ పడుకుంటుంది. వచ్చినప్పుడల్లా చల్లటి ల్యాంపు మళ్లీ వెలగాలి.

మీటర్‌ని మిన్ మోడ్‌లో (అతి తక్కువ అంకెని పట్టి ఉంచేది) పెట్టి, కంప్యూటర్ ఉన్న ప్లగ్ బోర్డులోనే గుచ్చాను. ఖాళీగా 227 వోల్టులు. “ఇప్పుడు లేపమ్మా” అన్నాను.

టేబుల్ కిందనుంచి “టిక్” అని యూపీఎస్ రిలే చప్పుడు. తెర నల్లబడింది. నో సిగ్నల్. రెండు సెకన్ల తర్వాత ఇంకో టిక్, సీపీయూ ఫ్యాన్ మళ్లీ మొదలైంది. మీటర్‌లో నిలిచిపోయిన అతి తక్కువ అంకె 139.

టేబుల్ కిందికి దూరి వైర్లు చూశాను. యూపీఎస్‌కి వెనకాల మూడే ప్లగ్గులు: ఒకటి సీపీయూకి, ఒకటి వైఫై రూటర్‌కి, మూడోదాంట్లో ఫోన్ ఛార్జర్. మానిటర్ నేరుగా గోడలో ఉంది. అందుకే సీపీయూకి కరెంటు పోయినా మానిటర్ వెలుగుతూనే ఉంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బాబాయ్ “కరెంటు పోవట్లేదు” అన్నారు. ఆయన చూసింది నిజమే. వైఫై కూడా పోతోందా అని సోమవారమే అడిగి ఉంటే తేలిపోయేది. “అవునన్నా, అప్పుడే నెట్ కూడా పోతుంది, సిస్టమ్ పోయింది కదా అనుకున్నా” అంది ఆ అమ్మాయి.

ఇక బటన్ కిటుకు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రామ్) “రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్” అని ఒక సెట్టింగ్ ఉంటుంది (బోర్డుని బట్టి పేరు కాస్త మారుతుంది). కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ ఏం చెయ్యాలో చెప్పేది అదే. ఇక్కడ దాన్ని “పవర్ ఆన్”లో పెట్టారు. అది లేకపోతే ఈ మిషన్ ప్రతిసారీ ఆగిపోయి అలాగే ఉండేది, ఎవరైనా మొదటి రోజే “కరెంటు అందట్లేదు” అనేవాళ్లు. సెట్టింగ్ వల్ల దానంతటదే లేస్తోంది కాబట్టి అందరం దాన్ని రీస్టార్ట్ అని పిలిచాం. అలా పిలిచాక అనుమానం విండోస్ మీదికి, ర్యామ్ మీదికి పోయింది, ప్లగ్ బోర్డు ఎవరికీ గుర్తు రాలేదు.

నిర్ధారణ కోసం ఇంకొకటి చేశాను. యూపీఎస్‌ని పక్కనపెట్టి సీపీయూని అదే ప్లగ్ బోర్డులో నేరుగా గుచ్చి జిరాక్స్‌ని నాలుగుసార్లు నిద్రలేపించాం. ప్రతిసారీ మిషన్ పది నిమిషాలు చల్లారేదాకా ఆగాలి కాబట్టి ఈలోపు రెండు టీలయ్యాయి. నాలుగుసార్లూ కంప్యూటర్ చెక్కుచెదరలేదు! ఎందుకంటే ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లకి కొన్ని మిల్లీసెకన్లు నెట్టుకొచ్చే నిలవ ఉంటుంది, ఈ మిషన్ 100 వాట్లు కూడా వాడట్లేదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఓర్చుకుంటుంది. కరెంటు దిగిన ఆ క్షణాన్ని దానంతటది దాటేయగలదు. దాటనివ్వనిది యూపీఎస్. వోల్టేజీ దిగగానే అది బ్యాటరీ మీదికి మారుతోంది, బ్యాటరీలో ప్రాణం లేదు, దాంతో అవుట్‌పుట్ మొత్తం పడిపోతోంది.

యూపీఎస్ విప్పి బ్యాటరీ తీశాను. 12 వోల్టులు, 7 ఏహెచ్. మీటర్ పెడితే 12.5 చూపించింది. “బాగానే ఉందిగా అబ్బాయ్” అన్నారు బాబాయ్, పక్కనే నిలబడి. ఊరికే పెడితే చచ్చిన బ్యాటరీ కూడా అలాగే చూపిస్తుంది. నా బ్యాగులో 35 వాట్ల బైకు హెడ్‌లైట్ బల్బు ఒకటి, రెండు వైర్లు అతికించి ఉంటుంది, ఇందుకోసమే. అది తగిలించాను. బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగి, మేం చూస్తుండగానే పసుపుకి, నారింజకి దిగిపోయింది. మీటర్‌లో 11.2, 10.1, 8.8. అంతా పది సెకన్ల లోపే. మంచి బ్యాటరీ ఈ బల్బుని నిమిషాల తరబడి తెల్లగానే వెలిగిస్తుంది. బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడిగితే, యూపీఎస్ కొన్నప్పుడు వచ్చిందే అన్నారు. కొన్నది 2020లో.

ఆదివారం: ఎలక్ట్రీషియన్

బ్యాటరీ మారిస్తే రోగం ఆగుతుంది, నిజమే. కానీ ఒక్క జిరాక్స్ లేస్తే 90 వోల్టులు ఎందుకు దిగాలి? ఇంట్లో ఇస్త్రీపెట్టె పెడితే లైటు కాస్త మసకబారుతుంది, అంతే కదా.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి, గోడలోని బోర్డు విప్పించాం. న్యూట్రల్ వైరు స్క్రూ కింద వదులుగా ఉంది. దానిచుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, ఒక పక్క బుడగలా లేచింది. వైరు పైతొడుగు గట్టిపడి, వేలితో వంచితే పెళపెళా రాలింది. జిరాక్స్, కంప్యూటర్ రెండూ ఆ సన్నటి వైరు మీదే నడుస్తున్నాయి. వదులు జాయింటు దగ్గరే వోల్టేజీ అంతా పోతోంది, పోయిందంతా అక్కడే వేడిగా మారుతోంది. రీస్టార్ట్ సంగతి అటుంచితే, ఆ బోర్డు పక్కనే కార్డుల కట్టలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా ఆ కట్టలన్నీ తనే అవతలికి మోశారు.

జిరాక్స్‌కి మెయిన్ నుంచి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగి 16 ఆంపియర్ల ప్లగ్ పెట్టించాం. కంప్యూటర్ బోర్డుకి కొత్త సాకెట్లు. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ, 950 రూపాయలు. మానిటర్ ప్లగ్‌ని యూపీఎస్‌లోకి మార్చి ఫోన్ ఛార్జర్‌ని బయటికి తోలాను. మీటర్ మళ్లీ మిన్‌లో పెట్టి జిరాక్స్ లేపితే 221.

నా ఎస్‌ఎంపీఎస్ తీసేసి వాళ్లది బిగిద్దామా అని కాసేపు ఆలోచించాను. కెపాసిటర్ ఉబ్బిన మాట నిజమే కాబట్టి ఎప్పటికైనా మార్చాల్సిందే. కానీ ఈ రోగానికి మందని చెప్పి అమ్మాను. ఉంచెయ్యమని బాబాయే అన్నారు, సగం డబ్బులు వెనక్కిచ్చాను.

బయల్దేరేముందు సోమవారమే చెయ్యాల్సిన పని ఒకటి చేశాను. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీ. అందులో “ఆటోమేటికల్లీ రీస్టార్ట్” దగ్గర టిక్కు తీసేశాను. ఇకమీద నీలం తెర అంటూ వస్తే అది రెప్పపాటులో మాయం కాకుండా నిలబడుతుంది.

గురువారం: రెండో రోగం

నాలుగు రోజులు నిశ్శబ్దం. గురువారం సాయంత్రం ఆ అమ్మాయి వాట్సాప్‌లో ఫొటో పంపింది. నీలం తెర, కింద “మెమరీ మేనేజ్‌మెంట్”.

మర్నాడు వెళ్లి, సోమవారం తెరవకుండా వదిలేసిన ఆ పదిహేను ఈవెంట్లు ఒక్కొక్కటే తెరిచాను. పదమూడింట్లో సున్నా, రెండింట్లో 26. ఈవెంట్ వ్యూయర్ ఈ కోడ్‌ని మామూలు అంకెల్లో చూపిస్తుంది, నీలం తెరల పట్టికలు హెక్స్‌లో (పదహారు గుర్తుల లెక్కలో) ఉంటాయి. 26 అంటే హెక్స్‌లో 1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్. ఆ రెండూ కొత్త ర్యామ్ వేసిన తర్వాతి తేదీలే.

అంటే సున్నాలున్న పదిహేడు రీస్టార్ట్‌ల మధ్య రెండు వేరే రోగానివి కలిసిపోయి ఉన్నాయి. వాడేవాళ్ల కంటికి అన్నీ ఒకటే. మొదటి రోగానికి మందుగా వేసిన ర్యామే రెండో రోగం తెచ్చింది.

ఇక్కడ పెద్ద కథ లేదు. పెన్‌డ్రైవ్‌లోంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే రెండో పాస్‌లో ఎర్ర లైన్లు. కొత్త స్టిక్ ఒక్కదాన్నే మొదటి స్లాట్‌లో పెట్టాను, ఎర్రర్లు. రెండో స్లాట్‌లో పెట్టాను, ఎర్రర్లు. పాత స్టిక్‌తో రెండు స్లాట్లూ శుభ్రం. స్లాట్ మంచిదే, స్టిక్ చెడ్డది. ఇలా స్లాట్లు మార్చి చూడకుండా స్టిక్‌ని తప్పుపట్టకూడదు, ఒక్కోసారి బోర్డు స్లాటే పోయి ఉంటుంది. తీసేసి బాబాయ్ చేతిలో పెట్టాను, వేసినతనికే ఇచ్చి మార్పించుకోమని. వాళ్ల పనికి పాత 8 జీబీ సరిపోతోంది.

మిగిలింది పవర్ బటన్. కొత్త కేబినెట్ కొనక్కర్లేదు. రీసెట్ బటన్ బాగానే ఉంది కదా, సోమవారం పీకిన దాని వైరుని తెచ్చి బోర్డు మీద పవర్ స్విచ్ పిన్నులకి గుచ్చాను. రెండు బటన్లూ చేసేది ఒకటే, నొక్కినప్పుడు రెండు పిన్నులని కలపడం. బయోస్‌లో ఆ సెట్టింగ్‌ని “పవర్ ఆఫ్”కి మార్చాను. ఇకమీద కరెంటు పోతే పోయినట్టే ఉంటుంది, రీస్టార్ట్ వేషం వెయ్యదు.

నెల తర్వాత వేరే పనిమీద వెళ్లి లాగ్ తెరిచి చూశాను. 41లు రెండున్నాయి, రెండూ సున్నాలే. రెండూ పెద్ద కరెంటు కోతలు, యూపీఎస్ కీచుమంటున్నా వినకుండా కార్డు పూర్తి చేద్దామని కూర్చున్నప్పటివి. ఆ శుభలేఖ వెనకాల వాటి టైములు కూడా రాసే ఉన్నాయి.

బాబాయ్‌కి ఒక్క ఫిర్యాదే మిగిలింది. “ఇదివరకు యూపీఎస్ నొక్కితే అదే లేచేదబ్బాయ్. ఇప్పుడు ఆ శనగ్గింజంత బటన్‌ని వెతుక్కోడానికి కళ్లజోడు పెట్టుకోవాల్సొస్తోంది.” ఆ అమ్మాయి దానిమీద బంగారు రంగు స్టిక్కర్ అంటించింది, పెళ్లికార్డు మీద అంటించే వినాయకుడి బొమ్మ.